మలీద ముద్దల డబ్బా

పంజాగుట్టలో ఒక ప్రసూతి ఆసుపత్రి. ఏడో నెల గర్భిణి స్కానింగ్ రిపోర్టుతో డాక్టరు గదిలోంచి వచ్చి, బెంచీ మీద ఎదురుచూస్తున్న అత్తగారి పక్కన కూర్చుంది.

“ఏమన్నరు బిడ్డా?”

“కడుపుల బిడ్డ పెరుగుతలేదంట అత్తమ్మా. నెల కింద ఎంతుందో ఇంచుమించు గంతే ఉందంట.”

“రోజూ రొట్టెల బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు కట్టిచ్చిన గదా! అమీర్‌పేటల నీ క్లాసు పోరగాళ్లకు దావత్ ఇచ్చినవా?”

“అన్నీ నేనే తిన్న. నేను ఆరు కిలోలు పెరిగిన. బిడ్డకు తిండి పంపే మాయ సరిగ పనిచేస్తలేదంట, దానికి చేరుతలేదు.”

“గా జావా కంప్యూటర్ క్లాసులు బంద్ పెట్టమంటే విన్నవా? నీ ఫికరే దానికి తగిలింది.”

“నా ఫికర్ కాదంట. తిండి, గాలి తక్కువైతే బిడ్డ ఒంట్లనే భయం హార్మోన్లు పుడతయంట. అవి ఇన్సులిన్‌ను ఆపుతయంట. ఇన్సులిన్ లేకుంటే కండ పట్టదు. వచ్చిన కాస్త చక్కెర తలకే దాచుకుంటదంట.”

“లోకమే చూడలే. గప్పుడే పస్తులుండుడు నేర్చిందా?”

“బతకనీకి.”

“రేపటి సంది నెయ్యి ఇంకింత పోస్త.”

“నేనెంత తిన్నా దారిలనే ఆగుతది అత్తమ్మా. ఇంక లోపల ఉంచితే బిడ్డ గుండె ఆగొచ్చంట. బయటికి తీసినా, ఆపుకున్న ఇన్సులిన్ ఒక్కసారే ఎక్కువై చక్కెర పడిపోవచ్చంట. బతుకుతదని గట్టిగ చెప్తలేరు.”

అత్తగారు సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది.

“పొద్దటి సంది ఏం తినలే. ఒక్కటన్న తిను తల్లీ.”

“ఏం తినొద్దన్నరు. నాలుగింటికి ఆపరేషన్.”