ఎడమ పట్టీ

అబ్బబ్బ, ఇంత బిగించావేమిటమ్మా ఎడమ పట్టీ! కుడివైపు మామూలుగానే ఉంది, ఎడమవైపేమో ఎవరో పగబట్టి లాగినట్టు లాగి కట్టావు. పదకొండు గురువారాలుగా ఈ పడవ షికారుకి వస్తున్నాను, ఏనాడైనా ఇలా కట్టావా? లైఫ్ జాకెట్ అన్నాక రెండు పట్టీలూ ఒక్కలాగే ఉండాలి కదా. బట్టలు కత్తిరించి బతికినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలీదూ?

సరేలే, పోనీ. ముందు కయాక్ కదిలించు. అదిగో, జంటల పడవలన్నీ అప్పుడే మొదటి వంతెన దాకా వెళ్ళిపోయాయి. మనమే ఎప్పుడూ తోక.

నా కోపం నీ మీద కాదు తల్లీ. ఆఫీసులో కూర్చుంటుందే, కళ్ళజోడు అమ్మాయి, ఆవిడ మీద. ఇవాళ నన్ను పడవ ఎక్కనివ్వనంది! ఎందుకటా? ఆ కాగితంలో ఒక గడి ఉంది చూడు, 'ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?' అని. ఇన్నాళ్ళూ అందులో నా నంబరే రాశాను.

నవ్వకు! వెనక కూర్చున్నావు కాబట్టి నాకు కనపడదనుకోకు. నువ్వు నవ్వితే పడవ ఊగుతుంది.

అవునమ్మా, నేను మునిగితే నా జేబులోనే మోగుతుంది. మోగనీ! చేపలు తీసి మాట్లాడతాయి.

పది వారాలు ఎవరూ చూసుకోలేదు. ఇవాళ చూసింది. "తాతగారూ, రెండు నంబర్లూ ఒకటే. ఇంకొకరిది రాయండి, లేకపోతే కుదరదు" అంది. ఇంకొకరంటే ఎవరమ్మా అన్నాను. "ఎవరైనా సరే, మీవాళ్ళు" అంది. ఎంత తేలిగ్గా అనేసిందో చూడు! మీవాళ్ళు! పెన్ను లేదంటే పెన్ను ఇచ్చింది, మనుషుల్ని కూడా సొరుగులోంచి తీసి ఇస్తే బాగుండు.

నా వెనక ఆరుగురు నిలబడ్డారు. పెన్ను పట్టుకుని బిక్కమొహం వేశాను. నాకు నోటికొచ్చిన నంబరు నాది కాక ఇంకొక్కటే ఉంది. రాసేశాను. పక్కన ఇంకో చిన్న గడి, 'ఏమవుతారు' అని. అందులో 'తమ్ముడు' అని రాశాను. ఆ మాట రాసి ఆరేళ్ళయింది. అక్షరాలు వంకర తిరిగాయి.

ఆఁ, ముంచుతున్నాను, ముంచుతున్నాను. తెడ్డు లోతుగానే ముంచుతున్నాను.

మొదటి వారం నువ్వు చెప్పావు గుర్తుందా? ముందు కూర్చున్నవాళ్ళు ఎలా తెడ్డు వేస్తే వెనకవాళ్ళు అలాగే వెయ్యాలి, దారి తిప్పడం మాత్రం వెనకవాళ్ళ పని అని. అప్పుడే అనుకున్నాను, ఇది అచ్చం మా కొట్టే! ముందు బల్ల నాది, వెనక మిషన్ మా తమ్ముడిది. నేను సుద్దతో గీసి కత్తిరిస్తాను, వాడు కుడతాడు. ముప్పై నాలుగేళ్ళు. నేను పెళ్ళి చేసుకోలేదు, ఎందుకంటావా, ఎవరూ అడగలేదు, అంతే. మరదలు మధ్యాహ్నం క్యారియర్ పంపేది, రెండు గిన్నెలూ ఒకే కొలత. తమ్ముడి గిన్నెలో ముక్కలు ఎక్కువున్నాయేమోనని నేను, నా గిన్నెలో ఎక్కువున్నాయేమోనని వాడు, మూతలు తీసి చూసుకునేవాళ్ళం. ముసలివాళ్ళయ్యాక కూడా!

ఇదిగో, తిండికి ఆగే అరుగు వచ్చేసింది. నువ్వు ముందు దిగు, తాడు కట్టు. చెయ్యి ఇవ్వు... అమ్మయ్య. ఈ తేలే చెక్కల మీద అడుగుపెట్టగానే నేను తాగినవాడిలా నడుస్తాను, చూసేవాళ్ళకి ఖర్చు లేని వినోదం.

కూర్చో. ఊఁ, కూర్చోమంటుంటే! ఎప్పుడూ అక్కడ తాడు దగ్గర నిలబడి బిస్కట్ తింటావు. ఈ పెట్టె చూడు. ఇద్దరికి కలిపి ఒకే పెట్టె, రెండు చెంచాలు, రెండు రొట్టెలు, రెండు చేప ముక్కలు. ఒంటరివాడికి చిన్న పెట్టె చెయ్యడం మీవాళ్ళకి రాదు. పదివారాలు రెండో చెంచా తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టాను. ఇవాళ నువ్వు తిను. సూపు చల్లారిపోతుంది.

ఎందుకు వస్తానా ప్రతి వారం? అడిగేశావన్నమాట. పదకొండు వారాలు ఓపిక పట్టావు, మెచ్చుకోవాలి.

ఎదురుగా చూడు. ఆ ఒడ్డున ఆకుపచ్చ తలుపు ఉందే, దాని పైన రెండో అంతస్తు. ఆ కిటికీ. దీపం కింద కుట్టుమిషన్ కనిపిస్తోందా? అది మా తమ్ముడి ఇల్లు. దారాల కొట్టాయన చెప్పాడు. వంతెన దాటితే పావుగంట నడక. కానీ నడిచి వెళ్తే తలుపు కొట్టాలి, ఎందుకొచ్చావంటే ఏదో ఒకటి చెప్పాలి. నీళ్ళ మీద వచ్చినవాణ్ణి ఎవరూ అడగరు. ఈ ఆరెంజ్ జాకెట్లో, ఈ టోపీలో, ఇరవై మందిలో నేనొకణ్ణి. రొట్టె నములుతూ వాడు కుట్టడం చూస్తాను. గంట కొట్టగానే వెళ్ళిపోతాను. అంతే నా విహారం.

కానీ ఇవాళ... దీపం ఉంది, ముక్కాలిపీట ఖాళీగా ఉంది. ఈ వేళకి వాడు కూర్చునే ఉంటాడే! ఒంట్లో బాగాలేదేమో. ఏమో. నాకెవరు చెప్తారు?

ఏం గొడవా? పెద్ద గొడవేం కాదు. మా తమ్ముడి కూతురు పాడుతుంది. పందొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి పెద్ద హాల్లో పాడే అవకాశం వచ్చింది. పెదనాన్నా, నువ్వు కత్తిరించు, నాన్న కుట్టాలి, అప్పుడే వేసుకుంటాను అంది. ముదురు నీలం వెల్వెట్. ఎనిమిది ముక్కల గౌను. వేదిక మీద లైట్లు వేసేసరికి ఎడమవైపు ఒక ముక్క మాత్రం వేరే రంగులో, బూడిద పూసినట్టు కనపడింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల తన గౌను వంక చూసుకుంది, పాట మధ్యలో మాట మరిచిపోయింది. ఆ తరవాత మాటా మాటా వచ్చింది. వాడు కొట్టు మానేశాడు. ఇంతే.

తప్పెవరిదా? ఏమో. ముప్పై నాలుగేళ్ళలో ఒక ముక్క తిరగబడితే తప్పెవరిదని ఎలా చెప్తాం?

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక కథ చెప్పేవాడు. ఒకాయన కష్టపడి ఇల్లు కట్టుకున్నాడట. గుమ్మం జానెడు కురచగా పెట్టాడు. వచ్చిన ప్రతివాడికీ తల తగిలేది. "మీరంతా మరీ పొడుగు పెరిగారు" అని ఆయనే కోప్పడేవాడట. కొన్నాళ్ళకి తల తగిలేవాళ్ళు లేరు. రావడం మానేశారు. ఆయన రోజూ గుమ్మం తుడుచుకుంటూ, "చూశారా, గుమ్మంలో తప్పేం లేదు, ఇప్పుడు ఎవరికీ తగలడం లేదు" అనుకునేవాడట. చిన్నప్పుడు మేమిద్దరం పడీ పడీ నవ్వాం. ఇప్పుడు మా ఇంట్లో గుమ్మం తుడుస్తుంటే ఆ కథే గుర్తొస్తుంది.

అబ్బ, వంగితే కోసుకుపోతోంది ఈ పట్టీ. కిందపడ్డ చెంచా నేను తీసుకుంటానులే, నువ్వు తిను... ఈ భుజం దగ్గర...

ఆగు.

ఎడమ భుజం.

అమ్మాయ్, ఇటు చూడు. నిజం చెప్పు. ఎడమ పట్టీ బిగించమని నీకెవరు చెప్పారు?

నా ఎడమ భుజం కుడిదానికన్నా అర అంగుళం కిందికి ఉంటుంది. చూస్తే తెలీదు. డాక్టరుకి తెలీదు, కన్నతల్లికి తెలీదు. నా చొక్కాలు కుట్టినవాడికి తెలుసు. లోకంలో ఒక్కడికే తెలుసు తల్లీ.

ఫోన్ చేశారా? ఎప్పుడు? నేను బూట్లు విప్పి అరలో పెట్టుకుంటున్నప్పుడా? ఆ కళ్ళజోడు అమ్మాయేనా! నంబరు నిజమో కాదో చూడ్డానికా. ఓరి దేవుడా.

వాడే ఎత్తాడా? గొంతు ఎలా ఉంది? దగ్గు ఏమైనా...? నువ్వు పక్కనే ఉన్నావు కదా, ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు.

'ఎడమ భుజం కిందికి ఉంటుంది, ఆ పట్టీ ఎక్కువ బిగించండి, లేకపోతే జాకెట్ జారిపోతుంది.' అంతేనా? ఇంకా? ఎలా ఉన్నాడని అడిగాడా? లేదా. 'అన్నయ్య' అన్నాడా, 'ఆయన' అన్నాడా? ఆయన అన్నాడా. అంటాడు. ఎందుకనడు.

ఇంకేమైనా? పడవలు ఎటు వెళ్తాయని అడిగాడా? మీరేం చెప్పారు? అరుగు దగ్గర ఆగుతాయని చెప్పారా.

అది విని ఫోన్ పెట్టేశాడన్నమాట.

ఇందాక నేను నీకు చెప్పింది అబద్ధం. పూర్తిగా అబద్ధం కాదు, నిజంలో ముఖ్యమైన ముక్క తీసేసి చెప్పాను. అందులో నాకు చెయ్యి తిరిగింది.

వెల్వెట్‌కి నూగు ఉంటుంది, ఎరుగుదువా? పిల్లి ఒంటి మీద బొచ్చులాగా ఒక్క వైపుకే వాలి ఉంటుంది. ఎనిమిది ముక్కలూ ఆ వాలు ఒకే దిక్కుకి ఉండేలా కత్తిరించాలి. ఒక్కటి తలకిందులైనా లైట్లలో వేరే రంగు కొడుతుంది. పనిలో చేరిన మొదటి నెలలో నేర్పే పాఠం. బట్ట కొంచెం తక్కువొచ్చింది. చివరి ముక్క తిప్పి వేస్తే సరిపోతుందని వేసేశాను. కత్తిరించాక అరచెయ్యి పెట్టి చూశాను. తెలిసింది. ఆ క్షణానే తెలిసింది తల్లీ! ఇంకో గజం తెప్పించి ఉంటే అయిపోయేది. ఎవరు చూస్తార్లే అనుకున్నాను.

వాడు మిషన్ దగ్గర ఆ ముక్క పట్టుకుని చాలాసేపు తడిమాడు. "అన్నయ్యా, ఇదొక్కసారి చూస్తావా?" అన్నాడు. "నాకు నేర్పుతావుట్రా?" అన్నాను. తల వంచుకుని కుట్టేశాడు.

ఆ సాయంత్రం తెర వెనక పిల్ల ఏడుస్తోంది. అందరూ మా మొహాలే చూస్తున్నారు. నేను నోరు తెరిచి, "నా కోత ఎప్పుడూ తప్పదు, కుట్టేటప్పుడు వీడే తిరగేసి వేసుంటాడు" అన్నాను. గౌను ముక్క పైన సన్నం, కింద వెడల్పు. కుట్టేటప్పుడు తిరగెయ్యడం కుదరనే కుదరదు. ఏ దర్జీ నమ్మడు ఆ మాట. కానీ అక్కడ దర్జీలెవరూ లేరు, మేమిద్దరం తప్ప.

పిల్ల వాడితో, "నాన్నా, నా ఒక్క గౌను కూడా సరిగ్గా కుట్టలేకపోయావా?" అంది.

వాడు నా వంక చూశాడు. ఒక్కమాట అంటే చాలు, నా పరువు అక్కడే పోయేది. అనలేదు. "పొరపాటైపోయిందమ్మా" అన్నాడు పిల్లతో. మర్నాడు కత్తెరలు నావి నాకు వదిలేసి, వాడి ముక్కాలిపీట ఒక్కటి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఈ రోజుకీ నాన్నదే తప్పనుకుంటుంది. అదీ సంగతి. అదీ నా గుమ్మం.

ఎక్కడ? ఏ కిటికీ? ఏదీ...

అవును. వాడే. కూర్చోలేదు, నిలబడ్డాడు. బయటికి చూస్తున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. వారం వారం చూస్తున్నా, తల వంచి కుడుతుంటే దీపం వెలుగేమో అనుకున్నాను.

ఇంతమందిలో నన్ను గుర్తుపట్టలేడంటావా? మొహం చూడడమ్మా వాడు. భుజాలు చూస్తాడు. చూస్తున్నాడు. ఒక్కొక్కరినీ కొలుస్తున్నాడు. ఇదిగో, ఇటు వచ్చాయి కళ్ళు.

చెయ్యి ఊపనా? ఏ మొహం పెట్టుకుని ఊపను? ఇళ్ళ కింద అరవకూడదని మీ నియమం కదా. మంచి నియమం. నాలాంటివాళ్ళకి ఎంత సాయమో.

...తప్పు నాదేరా. నేనే తిప్పి కత్తిరించాను.

వినపడిందంటావా? లేదులే. పక్కన కూర్చున్న నీకే సరిగ్గా వినపడి ఉండదు. ఆరేళ్ళు నమిలి నమిలి, ఇంతా చేసి గొంతులోంచి వచ్చింది ఈ మాత్రమే.

అదిగో, పరదా వేసేశాడు. వేసుకోనీ. పనివేళ.

గంట కొట్టారు. పద తల్లీ, తాడు విప్పు. రెండో చెంచా తుడవకు, అలాగే పెట్టెలో పడెయ్యి, ఎవరో తిన్నారని తెలియనీ. ఒడ్డుకి చేరాక వాడికి నేనే ఫోన్ చెయ్యాలి. పిల్ల నంబరు వాళ్ళ నాన్ననే అడగాలి, నా దగ్గర లేదు. ముందు చెప్పాల్సింది దానికి. అడుగుతానో, మళ్ళీ గురువారం దాకా గుమ్మం తుడుచుకుంటూ కూర్చుంటానో, నా సంగతి నాకే తెలీదు.

ఏమిటీ, పట్టీ వదులు చెయ్యనా?

వద్దు వద్దు. ముట్టుకోకు. అలాగే ఉండనీ.