అడ్డగీతల్లేని జోలపాట

కార్వేటినగరంలో రెబెకా టీ అంగడి. తిరుపతిలో పెండ్లిండ్లకు కీబోర్డు వాయించే సుందరరాజు, బెంచీ మీద కూర్చోనుండే ఎల్లప్ప ముందర ఒక కాయితం పెట్టినాడు. ఎల్లప్ప వాళ్లమ్మ అలివేలమ్మ పాడిన జోలపాటను తాను కంప్యూటర్లో స్వరాలుగా ఎక్కించినాడంట, రేపు తిరుపతి సభలో వినిపించాలంట, దానికి ఇంటోళ్ల సంతకం కావాలంట. ఎల్లప్ప పెన్ను మూత కూడా తీయలేదు.

"అనుమానమా అప్పా? సెప్తా ఇను. మీయమ్మ కాడ కూసోని ఆ పాట రాసుకునింది ఈ సేతులే. రాసుకోవడమేం గొప్ప కాదులే, కంప్యూటర్లో ఎక్కించాల గదా, ఆడుండాది తంటా. ఆ సాఫ్ట్‌వేర్‌కు తాళం లేకపోతే ఊపిరాడదు. నాలుగు దెబ్బలకొక అడ్డగీత గీస్తాది. మీయమ్మ పాటకు తాళం యాడిది? ఊపిరున్నంత సేపు లాగుతాది, తెగినకాడ ఆపుతాది. అది గీత గీస్తాది, నేను సెరిపేస్తా. మళ్లా గీస్తాది, మళ్లా సెరిపేస్తా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటరే అలిసిపోయి, 'అయ్యా, ఇంగ నీ ఇష్టం' అని తెలుగులో రాసింది."

రెబెకా గ్లాసులు కడగడం ఆపింది. "తెలుగులోనా?"

"మన చిత్తూరు తెలుగులోనే అక్కా. ఇంగ మద్దెలో ఒక రాగం తీస్తాది సూడు ఆయమ్మ, ఆ ఒక్క స్వరం తెరలో పట్టలా. పక్క కంప్యూటర్లోకి పోయింది, ఆడా పట్టలా. ప్రింటు తీస్తే కాయితం అంగడి దాటి, రోడ్డు దాటి, రేణిగుంట స్టేషన్లో ఆగుండే రైలెక్కి కూసునింది. టీసీ టికెట్టు అడిగితే నేను పోయి సర్దిసెప్పాల్సొచ్చె. అంతలో శ్రీహరికోట నుంచి ఫోను. ఆ స్వరాన్ని కొలిసే గడియారం మా కాడ ఉండాది, రాకెట్టుకు తప్ప ఎవురికీ ఇయ్యము, నీకైతే ఇస్తామని. వద్దంటి. నా సెవే గడియారమంటి."

ఎల్లప్ప తలెత్తినాడు. "మా ఇంటికి ఎప్పుడొచ్చినావు?"

"ఎప్పుడేంది, తొమ్మిది దినాలు మీ వసారాలోనే ఉంటి గదా. నువ్వు పనికి పోయుంటావు. మీయమ్మ బిడ్డను ఊయల్లో ఏసి పాడతా ఉంటే, ఒక సేత్తో ఊయల ఊపినా, ఇంగో సేత్తో స్వరాలు కొట్టినా. ఆకరి దినం ఆ బిడ్డే ఒక స్వరం తప్పుండాదని ఏలు పెట్టి సూపించింది."

ఆ ఇంట్లో ఊయల కట్టి ఇరవై ఏండ్లయిందని రెబెకాకు తెలుసు. ఆమె ఎల్లప్ప మొగం వైపు చూసింది. ఎల్లప్ప కాయితం తిప్పి, స్వరాల కింద రాసుండే మాటలు చదవమన్నాడు.

సుందరరాజు గొంతు సవరించుకున్నాడు. "'నిదరపోతివా చిన్నబ్బా, పిలిస్తే పలకవా చిన్నబ్బా.' చిన్నబ్బా అంటే సంటిబిడ్డను ముద్దుగా పిలవడం. ఆ ఒక్క మాట మీదే సభలో అరగంట సెప్పబోతా ఉండా."

"చిన్నబ్బ మా తమ్ముడు," అన్నాడు ఎల్లప్ప. "ముప్పై రెండేండ్లోడు. పోయిన నెల లారీ కింద పడి సచ్చిపోయినాడు. వాన్ని ఎత్తుకుపోయే ముందర మాయమ్మ వాని మీద పడి ఏడ్సిన ఏడుపు అది. ఎవురో ఫోన్లో పట్టి ఊరూరికీ పంపినారు. నీకూ వచ్చుంటాది."

 రెబెకా సుందరరాజు ముందరుండే టీ గ్లాసు తీసేసింది.

ఎల్లప్ప కాయితం మడిచి జోబిలో పెట్టుకున్నాడు. "నీ ఫోన్లో ఉండేది తీసెయ్ అప్పా. మాయమ్మ నిన్నట్నుంచే ఇంత అన్నం తింటా ఉండాది. అది ఇనిందంటే మళ్లా ముద్ద ముట్టదు."