మూలుగు పాఠం

డబ్బింగ్ థియేటర్లో భోజన విరామం. మైకు ఉన్న గదిలో ఇద్దరే మిగిలారు: సినిమాల్లో కత్తిపోట్లకీ కాన్పులకీ గొంతిచ్చే వదిన, ఊళ్లో బస్సు నడిపే ఆమె మరిది.

"ఏదీ, మళ్లీ మూలుగు."

"అమ్మా..."

"ఛీ! అది నొప్పా? పక్కింటివాళ్లు పిలిస్తే పలికినట్టుంది. నడుములోంచి రావాలయ్యా, గొంతులోంచి కాదు."

"నొప్పి నడుములోనే ఉంది వదినా. బయటికి రమ్మంటేనే రావడం లేదు."

"రేపు పొద్దున్నే మెడికల్ బోర్డు. గుర్తుందా?"

"గుర్తుండబట్టేగా నీ దగ్గరికొచ్చింది!"

"బస్సు నడపలేడని రాస్తే డిపోలో కుర్చీ పని. నడపగలడని రాస్తే?"

"మళ్లీ స్టీరింగే. ఈసారి ఎక్కితే ఇక దిగను వదినా, నిజం. పోయిన వారం ఆఖరి ట్రిప్పు అయ్యాక అందరూ దిగిపోయారు. నేను మాత్రం సీట్లోనే ఉండిపోయాను. కాళ్లు నావి కానట్టు..."

"కండక్టరు చూడలేదా?"

"చూశాడు. గాలి బాగుంది, కాసేపు కూర్చుంటాలే అన్నాను."

"గాలి ఉందా?"

"షెడ్డులో గాలేంటి వదినా, పొగ."

"ఇదిగో, నీ జబ్బల్లా ఇదే. పోయినసారి బోర్డులో ఏం వెలగబెట్టావో మళ్లీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను?"

"తప్పెక్కడ జరిగిందో తేలాలిగా. లోపలికి వెళ్లావు..."

"వెళ్లాను. నమస్కారం పెట్టాను. పెద్ద డాక్టరు బాగున్నావా అనడిగారు. బాగున్నానండీ అన్నాను."

"బాగున్నానండీ!"

"అంత పెద్దాయన అడిగితే బాలేనంటామా?"

"తర్వాత?"

"పెన్ను కింద పడింది."

"ఎవరిది?"

"ఆయనదే."

"చెప్పు, చెప్పు. ఆగావెందుకు?"

"...వంగి తీసిచ్చాను."

"వంగి!"

"ఆ తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు వదినా."

"ఆ మూడు రోజులూ బోర్డు మీ ఇంటికి రాలేదుగా! వాళ్లు చూసింది వంగినవాణ్ణే. నీ మర్యాదే నీ కొంప ముంచింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అరవందే డాక్టరు రాస్తాడా?"

"ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని కూడా అంటారుగా."

"నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదంటారు. ఆ సామెత పట్టుకుంటే మనిద్దరికీ తిండి పుట్టదు, వదిలెయ్. నొప్పి పదికి ఎంతుందని అడిగారా?"

"అడిగారు. నాలుగన్నాను."

"నాలుగా! నాలుగేంటి?"

"పదంటే బాగోదు. ఎనిమిదంటే బేరం పెట్టినట్టుంటుంది."

"బేరమేనయ్యా! నువ్వు ఎనిమిదంటే వాళ్లు ఆరు రాసుకుంటారు. నాలుగని నువ్వే తెగ్గోస్తే ఇంక వాళ్లకేం మిగిల్చావ్?"

"సరే, రేపు ఎంతనను?"

"తొమ్మిది."

"ఇన్నేళ్లుగా తొమ్మిదుంటే ఈపాటికి పోయేవాడివి అంటారు."

"అంటారు. అందుకే మూలగాలి. అంకెల్ని ఎవరూ నమ్మరు, మూలుగు నమ్ముతారు. నా బతుకంతా దానిమీదే నడిచింది. అసలు నీకెలా ఉంటుందో చెప్పు, దాన్నిబట్టి మూలుగు కడదాం."

"ఎలా అంటే... బండి ఆపేశాక కూడా ఇంజను అదురుతున్నట్టు. తాళం తీసేసినా ఆగదు. పొద్దున్నే లేవగానే ముందు దాన్నే పలకరిస్తాను. ఉన్నావా అంటే ఉన్నానంటుంది. ఇక ఇద్దరం కలిసి డ్యూటీకి."

"పోట్లాడవా?"

"మొదట్లో పోట్లాడాను. ఇప్పుడు సర్దుకుపోతున్నాం. తువ్వాలు మడిచి నడుం వెనక పెట్టుకుంటా. గుంతలొచ్చినప్పుడు గట్టిగా ఏదో జోకు వేస్తా. జనం నవ్వుతుంటే నా మొహం ఎవరూ చూడరు."

"బాబోయ్! బస్సులో అంత నటుడివి, బోర్డు ముందు మొద్దురాచ్చిప్పవా?"

"అది నటన కాదు వదినా, అలవాటు."

"మరి ఇంట్లో?"

"ఇంట్లోనూ పంటి బిగువునే. మూలిగితే మా ఆవిడ కంగారుపడుతుంది. ముందు నూనె తెస్తుంది, తర్వాత వాళ్లమ్మకి ఫోన్ చేస్తుంది. ఆవిడ వచ్చి నెల ఉంటుంది. అంతకంటే నొప్పే నయం."

"నిజమే. దాచుకోవడమే తేలిక."

"నీకేం తెలుసు?"

"నాకేం తెలుసు! ఊరికే అన్నాను. కబుర్లు చాలు. ముందు ఊపిరి. తలుపు దగ్గరే ఒకటి బరువుగా వదులు. కుర్చీ చూపిస్తే వెంటనే కూర్చోకు. శత్రువుని చూసినట్టు చూడు."

"నేనెప్పుడూ కుర్చీని అలాగే చూస్తాను."

"నిజం సంగతి ఇప్పుడెందుకయ్యా? తర్వాత బల్ల పట్టుకో. సగం మాటలో ఆగిపో. 'డాక్టరుగా...' అని ఆపెయ్. 'రూ' అనకు."

"రూ అనకపోతే ఆయనేమనుకుంటాడు?"

"నొప్పనుకుంటాడు!"

"వదినా... ఉన్న నొప్పికే ఇంత నాటకమాడితే దొంగతనంలా లేదూ?"

"నీ ఇంట్లోకి నువ్వే గోడ దూకుతున్నావు. తలుపు తియ్యకపోతే ఏం చేస్తాం?"

"పోనీ నువ్వే రా రేపు. నా వెనక నిలబడి నువ్వు మూలుగు, నేను పెదాలు కదుపుతా."

"మీసాలవాడికి నా గొంతా! నవ్వలేక బోర్డువాళ్లకి నొప్పి నిజంగానే వస్తుంది. జరుగు, లేవనీ. చేసి చూపిస్తాను."

"...ఏంటా శబ్దం?"

"ఏ శబ్దం?"

"నువ్వు లేస్తుంటే వచ్చింది."

"కుర్చీ. పాతది. ఇటు చూడు. ఇలా నడుం మీద చెయ్యేసి... ఆఁ... హమ్మా... వల్ల... కాదు..."

"అయ్యో! వదినా, పడతావ్!"

"చూశావా? పట్టుకోవడానికి పరిగెత్తుకొచ్చావు. నొప్పంటే ఇదీ. ఇప్పుడు నువ్వు."

"ఆఁ... హమ్మా... డాక్టరుగా..."

"అదీ! బల్ల వదలకు. ఇంకొంచెం కిందినుంచి."

"ఆఁ... హమ్మ్... చచ్చి... పోతున్నా..."

"శభాష్!"

అద్దానికి అవతలి గదిలోకి సౌండ్ ఇంజనీరు భోజనం ముగించుకొని వచ్చాడు. కాసేపటికి గోడమీది స్పీకరు గరగరలాడింది.

"అక్కా, సారీ. రికార్డింగ్ ఆపకుండా వెళ్లిపోయాను. వెనక్కి తిప్పి వింటున్నా. చివర్లో చచ్చిపోతున్నానన్న ఆ గొంతెవరిది?"

"మా మరిదిదే. బస్సు డ్రైవరు."

"ఏం మూలిగారండీ! ఒళ్లు జలదరించింది. మా విలన్ చావుకి వాడుకోవచ్చా?"

"ముందు రేపు బోర్డులో వాడుకోనీ బాబూ. విన్నావా మరిదీ? ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి? కుర్చీ పని నీదే."

"నీ పుణ్యం వదినా. నేనసలు..."

"అక్కా, దానికి ముందు ఇంకొకటి పడింది. చిన్నది. మీదే."

"అది కుర్చీ బాబూ."

"కుర్చీ చప్పుడు నాకు తెలీదా? మీ గొంతే. ఉండండి, హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ వింటా."

"వదినా."

"ఏంటి?"

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏది?"

"వదినా!"

"...పెద్దాడు పుట్టినప్పటి నుంచి. మీ అన్నయ్యకి చెప్పకు."

"వాడికి అప్పుడే కాలేజీ అయిపోతోంది! అన్నయ్యకి తెలీదా? పక్కనే ఉండి?"

"పగలంతా మూలిగి ఇంటికెళ్లేదాన్ని. ఇంట్లో కూడా మూలిగితే రిహార్సల్ అనుకుంటారు."

"డాక్టరుకైనా చూపించావా?"

"చూపించాను. ఏం పని చేస్తారమ్మా అన్నాడు. చెప్పాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు."

"అక్కా, విన్నాను. ఏం చెయ్యను దాన్ని? ఉంచమంటారా?"

"నువ్వే చెప్పు బాబూ. నీ చెవికెలా ఉంది?"

"తీసేద్దాం అక్కా. అది అస్సలు నొప్పిలా లేదు."