పోలయ్యకి తెడ్ల సలామీ

నువ్వయితే హాయిగా ఫొటోలో కూకున్నావు, టోపీ ఓ పక్కకి వొంచుకోని. నానడుగుతాను మావా, ఆ ఎల్లాజీ సేత ఒట్టెందుకు ఏయించుకున్నావు? ఆడు మడిసేనా? పోనీ నువ్వు మడిసివేనా?

పలాసలో డయాలసిస్ మంచం మీద పడుకోని, ఒక సేతికి సూదులు గుచ్చుంటే, రెండో సేత్తో ఆడి సెయ్యి పట్టుకున్నావట. "ఒరే, నన్ను ఉత్తినే మోసుకెళ్ళి వొదిలీకండి, సలామీ ఇచ్చి పంపండి" అన్నావట. నాను టీ తాగడానికి కిందకెళ్ళినప్పుడు సూసి మరీ అన్నావు. నాతో ఒక్క ముక్క సెప్పలేదు. సెప్తే నానేటంతానో నీకు తెలుసు.

సరే, నువ్వు పోనావు. తరవాత ఏటి జరిగిందో నువ్వు సూడలేదు కాబట్టి సెప్తన్నాను. ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కోలాగ సెప్పుకుంతన్నారు. అయ్యన్నీ నమ్మకు.

ఆ పొద్దుట కళ్యాణికి ఫోను సేసినాం. అదీ అల్లుడూ రైలెక్కి పలాసలో దిగి వొచ్చేసరికి సీకటి పడిపోతాది కదా, అంచేత మర్నాడు తీద్దామన్నారు. సోంపేట నుంచి ఫ్రీజరు పెట్టొకటి తెచ్చి నిన్ను అందులో పడుకోబెట్టినారు. ఇంతలో బారువ నుంచి ఎల్లాజీ తన మోపెడ్డేసుకోని వొచ్చినాడు. కాళ్ళకి నల్ల బూట్లు. ఏడుత్తాడేమోననుకున్నాను, మీరిద్దరూ ఒకే పటాలంలో అన్నేళ్ళు తిన్నారు, తొంగున్నారు గదా. ఏడవలేదు. పెట్టి ముందర నిలబడి సెల్యూట్ కొట్టి, నా కేసి తిరిగి, "వొదినా, ఇస్త్రీపెట్టి ఉందా?" అన్నాడు.

శవానికి ఇస్త్రీ ఏటిరా అన్నాను.

"శవానికి కాదు వొదినా, యూనిఫారానికి."

ఇంట్లో జనం గుండెలు బాదుకుంతంటే ఆడు మూల కూకోని నీ పేంటుకి మడత తీసుకుంతన్నాడు. బుచ్చమ్మ పెద్దమ్మ ఏడుపాపీసి మరీ సూసినాది. మడత నిటారుగా వొచ్చేదాకా ఒగ్గలేదు ఆడు. ఆ తరవాత మోపెడ్డెక్కి టెక్కలి పోనాడు, తుపాకుల సలామీ అడగడానికి.

అక్కడ ఎవులూ ఆడ్ని కసురుకోలేదట. కూకోబెట్టి టీ ఇచ్చినారట. కాకపోతే, డ్యూటీలో ఉండగా పోనోళ్ళకే ఆ మర్యాద, పింఛనీ పుచ్చుకోని జబ్బుతో పోనోళ్ళకి తుపాకులు రావని సెప్పినారట. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి ఎల్లినాడు. అక్కడా టీయే. మాపటేలకి తిరిగొచ్చి, ఒడ్డున బోర్లించిన పడవ మీద కూలబడిపోనాడు. ఝెండా కూడా కప్పకూడదని ఆడికి ముందే తెలుసట. రూలు కాని పని పోలయ్యన్నకి సెయ్యను అన్నాడు.

మన ఊరి రామూర్తి పెద్ద ఆడ్ని ఓదార్సినాడు. మనోళ్ళు పోతే డప్పులు కొట్టి పంపుతాం, అమ్మోరి సంబరానికి మిగిలిన బాంబులు కూడా ఉన్నాయి, పోలయ్యకి తక్కువేటి సేత్తాం అన్నాడు. ఎల్లాజీ ఇనిపించుకోలేదు. ఎదరింటి సూరుకి ఏలాడుతున్న పడవ తెడ్డు కేసి సూత్తన్నాడు. ఆడి మొకంలో అచ్చం నీ మొకం కనపడింది, ఏదో యెదవ పనికి ముందర నువ్వెట్టీ మొకం.

ఆడు లేసి, ఊళ్ళో తెడ్లన్నీ తెమ్మన్నాడు.

ఇప్పుడన్నీ ఇంజను పడవలే కదా, తెడ్లెక్కడున్నాయి? అటకల మీంచి, కోళ్ళ గూళ్ళ ఎనక నుంచి లాగినారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి సగం సెదలు తినీసినాది. తెడ్డు దొరకనోడు సరుగుడు గెడ తెచ్చినాడు. ఎల్లాజీ కుర్ర గుంటల్ని వరసలో నిలబెట్టినాడు. "సావధాన్" అంటే ఒకడు కుడి కాలు, ఒకడు ఎడమ కాలు, ఒకడు సెల్ఫోను. తెడ్డే తుపాకీ అనుకోని తలకిందులుగా తిప్పి, పైకొచ్చిన సివర మీద రెండు సేతులూ ఏసి, తల వొంచాలి. దాని పేరు శోక్ శస్త్ర్ అట. గుంటలు తిప్పడం మొదలెట్టినారు గదా, పక్కోడి సెవికి తగిలి ఆడూ ఈడూ కొట్టుకోబోనారు.

ఆ సమయానికి దిగినాడు మన అల్లుడు కామేశ్. కళ్యాణి ఎల్లి నీ పెట్టి మీద పడిపోయింది. ఆడు వాకిట్లో నిలబడిపోయి ఈ బాగోతం సూత్తన్నాడు.

కామేశంటే నీకు పడదని నాకు తెలుసు. ఆడూ ఆర్మీయే, కాకపోతే తెర ముందు కూకోని డ్రోన్లు ఎగరేసీ ఆర్మీ. పోయినేడు సెలవుకొచ్చినప్పుడు, ఈ కవాతులూ బూరలూ తెల్లోళ్ళు ఒగ్గీసిన సరదాలు మావయ్యా, ఆ టైములో నాలుగు కొత్త యంత్రాలు నేర్సుకోవచ్చు అన్నాడు. నువ్వు సెలవయ్యేదాకా ఆడితో మాట్టాడలేదు. కూర కావాలన్నా నాతో అడిగించినావు.

ఇప్పుడూ ఆడదే అన్నాడు. ఎటకారంగా అనలేదు పాపం, మెల్లిగానే అన్నాడు. మావయ్యని గౌరవంగా పంపుదాం, ఈ కర్రల నాటకం ఎందుకు, ఎవడైనా ఫోనులో తీసి పెడితే లోకమంతా నవ్వుతాది అన్నాడు. నిజం సెప్తన్నాను మావా, నా మనసులోనూ అదే ఉంది.

ఎల్లాజీకి కోపం రాలేదు. తెడ్డు కిందెట్టి అల్లుడి దగ్గిరకొచ్చినాడు.

"బాబూ, కొండల్లో ఉన్నప్పుడు మాతో ఉన్న కుర్రోడొకడు పోనాడు. మీ మావా నానూ మోసుకోని కిందకి దింపినాం. దింపినాక ఏటి సెయ్యాలో తెలీలేదు. సేతులు ఊరికే ఏలాడిపోతన్నాయి. ఆడ్ని లేపలేం, ఆళ్ళమ్మకి కబురు సెప్పలేం. అప్పుడు సుబేదారు శోక్ శస్త్ర్ అని అరిసినాడు. సేతులకి పని దొరికింది. అంతే బాబూ. యుద్ధానికి అది పనికిరాదు, నాకూ తెలుసు."

ఈ సంగతి నాకు ఎప్పుడూ సెప్పలేదేం మావా? ఇన్నేళ్ళు కాపరం సేసినాను.

కామేశ్ ఎల్లి ఒక గుంటడి మోచెయ్యి సరిసేసినాడు. తరవాత ఇంకోడిది. రాత్రి బువ్వలేలకి ఆడే ముందు నిలబడి అరుత్తన్నాడు. ఇంజన్లొచ్చి ఇన్నాళ్ళయితే ఈ తెడ్లెందుకు దాసుకున్నారని రామూర్తి పెద్దని అడిగినాడు మధ్యలో. "ఏమో బాబూ, పారెయ్య బుద్ధవలేదు" అన్నాడు ఆయన.

ఇంక బూర సంగతి. అదేదో లాస్ట్ పోస్టట. నాను టపా అనుకున్నాను. సైనికుడు పోతే ఊదీ పాటట. మీ పటాలంలో దాన్ని ఊదింది ఎల్లాజీయే కదా, కానీ ఆడి పైపళ్ళు రెండూ రాలిపోయాక బూరలోంచి గాలి తప్ప ఏటీ రాదు. అంచేత సోంపేట బేండు మేళంలో బాకా వాయించీ వాసుని పిలిపించినాడు. ఆ గుంటడు పెళ్ళిళ్ళు తప్ప ఎరగడు. ఎల్లాజీ నోటితో పాం పాం అని పాడతాడు, ఆడు ఊదుతాడు. మొత్తానికి పట్టీసినాడు. అన్నా, ఎప్పుడు ఆపాల అని అడిగితే, నన్ను సూత్తుండు, సెయ్యి దించగానే ఆపీ అన్నాడు ఎల్లాజీ. ఇక్కడే వొచ్చినాది తంటా. సెప్తాను.

పొద్దున్న నిన్ను బయటకి తీసినారు. ఝెండా లేదు గదా, నీ పాత ఆర్మీ కంబళి కప్పినాడు ఎల్లాజీ. ట్రంకు పెట్టిలో కలరా ఉండలేసి దాసినాను కదా, ఆ వాసనకి మోసీ నలుగురూ దారి పొడుగునా తుమ్ముకుంతా ఎల్లినారు.

వీధి సివర ఆడోళ్ళు ఆగిపోవాలి, అది మన ఆసారం. నానూ ఆగినాను. ఎల్లాజీ ఎనక్కొచ్చి, పోనోడి టోపీ పెళ్ళాం సేతికే ఇవ్వాలి, వొదిన రావాల్సిందే అన్నాడు. రామూర్తి పెద్ద కుదరదన్నాడు. ఆడది వల్లకాటికి రావడమేటి అన్నాడు. డప్పులు ఆగిపోనాయి. పాడె మోసీవోళ్ళు నిలబడి సూత్తన్నారు, మజ్జి మజ్జిలో తుమ్ముతున్నారు. నాకేటి తోసిందో, నడిసీసినాను. నడిసీసిన ఆడదాన్ని ఎవులాపుతారు? బుచ్చమ్మ పెద్దమ్మ కూడా నా ఎనకాలే వొచ్చీసినాది.

సరుగుడు తోట దాటి ఇసక మీద నిన్ను దించినారు. గుంటలు రెండు వరసల్లో నిలబడ్డారు. కామేశ్ యూనిఫారంలో ఉన్నాడు. "శోక్ శస్త్ర్" అన్నాడు. మావా, నిన్న సెవులు వాయగొట్టుకున్న గుంటలేనా అనిపించింది. తెడ్లన్నీ ఒక్కసారి తిరిగినాయి. తలలన్నీ ఒక్కసారి వొంగినాయి. సెదలు తిన్న తెడ్డు కూడా. ఎల్లాజీ, కామేశ్ సెల్యూట్ పట్టినారు. వాసు ఊదడం మొదలెట్టినాడు.

మొదట బాగుంది. సాలా బాగుంది. రామూర్తి పెద్ద సెప్పులు ఇడిసీసి నిలబడ్డాడు.

పాట అయిపోయింది. ఆపాలి కదా? వాసు ఎల్లాజీ కేసి సూసినాడు. ఎల్లాజీ సెయ్యి దించలేదు. పాట ఆగేదాకా సెయ్యి దించకూడదు, అది ఆడి రూలు. సెయ్యి దించేదాకా పాట ఆపకూడదు, అది ఈడికి సెప్పిన రూలు. వాసు మళ్ళీ మొదట్నించీ ఊదినాడు. మళ్ళీ అయింది. మళ్ళీ సూసినాడు. మూడోసారికి పాపం ఊపిరందక, తెలీకుండానే పెళ్ళికొడుకుని ఊరేగించీ పాటలోకి జారిపోనాడు.

కామేశ్‌కి అర్థమయింది. ఆడూ సెల్యూట్‌లోనే ఉన్నాడు గదా, ఏటి సెయ్యగలడు? గుంటలు తలలొంచుకునే ఉన్నారు. బుచ్చమ్మ పెద్దమ్మ పాదం ఇసకలో తాళమేత్తన్నాది. ఎండ ఎల్లాజీ మొకమ్మీద కొడతన్నాది. కళ్ళంట నీళ్ళు, ముక్కంట నీళ్ళు, తుడుసుకోడానికి లేదు. సెయ్యి మాత్రం దించడు.

ఆడ్ని అలా సూత్తే నా వల్ల కాలేదు మావా. ఇంక ఆడూ నీ పక్కనే పడిపోతాడేమో అనిపించింది. ముప్పై ఏళ్ళు నీ నోట ఇన్న మాట నా నోట్లోంచి వొచ్చీసినాది.

"విశ్రామ్!"

సముద్రం దాకా ఇనపడుంటాది. తెడ్లన్నీ ఒక్కసారి దిగినాయి. కామేశ్ సెయ్యి దిగింది. ఎల్లాజీ సెయ్యి దిగింది. వాసు బాకా నోట్లోంచి తీసి ఇసకలో కూలబడిపోనాడు. ఎవులూ నవ్వలేదు.

అప్పుడు ఎల్లాజీ నీ టోపీ రెండు సేతుల్తో పట్టుకోని, బూట్లు ఇసకలో కూరుకుపోతంటే పీక్కుంతా నా దగ్గిరకొచ్చినాడు. టోపీ నా సేతిలో ఎట్టినాడు. ఏదో పెద్ద మాట సెప్తాడనుకున్నాను. దగ్గిరకి వొంగి, "వొదినా, ముందు సావధాన్ అనాల. అది అనకుండా విశ్రామ్ అనకూడదు" అన్నాడు.

ఇదిగో, ఒక మాట ఎవులికీ సెప్పలేదు, నీకే సెప్తన్నాను. పెళ్ళి పాట మొదలవ్వగానే నాను కొంగు అడ్డమెట్టుకోని ఊగిపోనాను. నన్ను సూసి, దేముడమ్మ ఎంతలా ఏడిసిందో అని ఊరంతా సెప్పుకుంతన్నారు. నవ్వినాను మావా. పొట్ట పట్టుకోని నవ్వినాను. నువ్వుంటే కోప్పడీవోడివి. తరవాత అది నవ్వో ఏటో నాకే తెలీలేదు, అది వేరే సంగతి.

కామేశ్ పటాలానికి ఎల్లిపోనాడు. తెడ్లు ఎవులిళ్ళకి ఆళ్ళు పట్టుకుపోనారు. నిన్న ఎల్లాజీ వొచ్చినాడు, సేపల పులుసు తిన్నాడు. తిని, తన వంతు వొచ్చినప్పుడు విశ్రామ్ నువ్వే అనాల వొదినా, ఈసారి వరస తప్పకుండా అన్నాడు.

నువ్వే ముందు పోతావని నీకెవులు సెప్పినార్రా, నానే పోతానేమో, నాకూ తెడ్లు తిప్పించు అన్నాను.

బుర్ర గోక్కున్నాడు. "ఆర్మీలో లేనోళ్ళకి రూలు ఒప్పుకోదు వొదినా" అన్నాడు.

మీ అన్నకి మాత్రం ఒప్పుకున్నాదేటి అన్నాను.

ఆడు గుమ్మంలో బూట్లేసుకోని, నిటారుగా నిలబడి, నాకో సెల్యూట్ కొట్టి ఎల్లిపోనాడు. అది ఒప్పుకున్నట్టో కానట్టో, మీ ఆర్మీ బాస, నీకే తెలియాల.