కంచె అవతలి చెట్టు

(చేవెళ్ల దగ్గర జంగయ్య కోకో తోట. హార్టికల్చర్ చదివిన మేనకోడలు సమత చూడవచ్చింది. కంచె అవతల జంగయ్య తమ్ముడు ఈశ్వరయ్య చేను.)

"మల్ల చెప్పు మామా. తోటంత ఒక్క చెట్టుకెల్లి కట్టిన అంటు మొక్కలేనా?"

"ఒక్కటే చెట్టు. భద్రాచలం దిక్కు పోయి, ఇరగకాసిన చెట్టు చూసి, దాని కొమ్మలతోనే కట్టించుకొచ్చిన. ఆగమాగం జాతి ఒక్కటి రానియ్యలే."

"పూత?"

"పూతకేం తక్కువ లేదు. కాయే నిలుస్తలేదు. మొయినాబాద్‌ల చాక్లెట్ చేసే పోరగాళ్లకు ఈ యేడు కాయలిస్తనని మాటిచ్చిన. చేవెళ్ల ఎండకు కోకో ఏందని నవ్వినోళ్లు మల్ల నవ్వుతున్నరు."

"ఆ రంపం సప్పుడేంది?"

"పక్కోడు. నువ్వు చెట్టు చూడు."

"పక్కోడంటే చిన్నమామనే కదా."

"నాకు పక్కోడే. మాటలు బందై ఎన్నేండ్లాయెనో. చెట్టు చూడు బిడ్డా."

"చూసిన. కోకోల చానా రకాలకు తన పుప్పొడి తనకు పట్టదు. వేరే రకం పుప్పొడి కావాలె. చిన్న చిన్న పురుగులు మోసుకొస్తయి."

"అంటే?"

"అంటే తోట నిండ అక్కచెల్లెండ్లనే నిలవెట్టినవ్. పిలగాడేడి?"

"సిగ్గులేదానే, మామతోని గివేనా మాటలు?"

"కాయలు కావాల్నా, సిగ్గు కావాల్నా?"

"మరి కంచె పొంటి వరుస ఎట్ల కాసింది? అదొక్కటి మంచిగనే కాసింది."

"కంచె అవతల ఏమున్నది?"

"ఏముంటది... పక్కోడు ఎన్నడో గింజ వెడితే మొలిచిన కోకో చెట్టు. జాతి లేదు, రీతి లేదు. అన్నీ వంకర కాయలు."

"వంకరదైతేంది, అదే నీ పిలగాడు. దాని పుప్పొడికే ఆ వరుస కాసింది. పోయి దండం వెట్టుకో."

"దాని కొమ్మలు కంచె దాటినయని నేనే పంచాయితి వెట్టిన. పెద్దమనుషులు చెట్టునే కొట్టెయ్యమన్నరు."

"ఎప్పుడు?"

"గా రంపం..."

"నడువు. ఆపమని చెప్పు."

"నేనా? వానితోనా?"

"రంపం ఆగింది మామా."

"ఓ జంగన్నా, కంచెకాడ నువ్వేనా? కూలింది నువ్వు కొట్టియ్యమన్న చెట్టు. ఇగ కడుపు సల్లగయ్యిందా? కొమ్మలు గూడ ఎండినంక తగలవెడ్త."

"మామా, కొమ్మలు పచ్చిగున్నప్పుడే మన చెట్లకు అంటు కట్టొచ్చు. అడుగు."

"ఏమని అడగాలె?"

"నోరు తెరిచి అడుగు."

"తమ్మీ... గా కొమ్మలు ఎండనియ్యకు. నాకు గావాలె."

"పచ్చి కొమ్మలేం జేస్కుంటవ్? పొయిల మండయి గద."

"పొయిలకు గాదురా. సంబంధం కలుపుకోనీకి."