ఎడమ మోకాలు

అంత గబగబా బిగించేస్తే ఎలా అన్నయ్యా? మా వీధి చివర మెకానిక్ అయితే పంక్చరుకే రెండు రోజులు తిప్పుతాడు. మీరేమో వంకరపోయిన చక్రాన్ని అరగంటలో సాపు చేసి, అప్పుడే ఇరుసుకి ఎక్కిస్తున్నారు. కాస్త ఆ పానా కింద పెట్టండి. మీతో ఒక మాట చెప్పాలి.

వద్దండీ, కూర్చోను. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు. పొద్దున్నించీ ఆ తొట్టిలో ముడుచుకునే ఉన్నాను, నడుము పట్టేసింది. సైడ్‌కార్ అట. మా వీధిలో వాళ్ళు మాత్రం తొట్టి అనే అంటారు. "పెళ్ళాన్ని తొట్టిలో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు పెయింటరు" అని. వాళ్ళకేం, నవ్వుతారు.

చెప్పొచ్చేదేంటంటే, ఈ చక్రం బాగుపడదని మా ఆయనతో చెప్పండి. ఇరుసు విరిగిందనండి, సామాను దొరకదనండి, మీ నోటికి ఏది తేలిగ్గా వస్తే అది. అదిగో, రోడ్డవతల టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారే తండ్రీ కూతుళ్ళు, వాళ్ళే. అలా తేరిపార చూడకండి. ఆయనకి మీరు కనబడకపోయినా పిల్లకి కనబడతారు.

ఆ, అదే. కనబడదు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది. ఆయన బోర్డులు రాస్తారు. షాపుల పేర్లు, బడి గోడల మీద అక్షరాలు. ఇప్పటికీ ఒక్క గీత వంకర పోదు. పక్క చూపే పోయింది. ఎడమ పక్కయితే మరీ. కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు పెడితే రోజూ చెయ్యి తగిలి ఒలికిపోవడమే. మొదట్లో విసుక్కునేదాన్ని, చూసుకోరేంటి అని. కళ్ళ డాక్టరమ్మ చెప్పాక విసుక్కోవడం మానేసి ఏడవడం మొదలుపెట్టాను. చుక్కల మందుతో ఉన్న చూపు నిలబెట్టుకోవడమే గానీ, పోయింది తిరిగి రాదట. "బండి మాత్రం ముట్టుకోవద్దు" అంది ఆవిడ, నా ముందే.

మరి ఈయనేం చేశారో తెలుసా? ఆ వారమే పాత సామాన్ల కొట్టు నుంచి ఈ తొట్టి తెచ్చారు. తుప్పు గీకి, ఆకుపచ్చ రంగు వేసి, అంచుకి పసుపు గీత లాగి, బండికి ఎడమ పక్కన తగిలించారు. రెండు చక్రాలైతే పడతాం గానీ మూడైతే పడమట. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారే, మా ఇంట్లో బండికీ మూడే చక్రాలు. "అయినా ఎడమ పక్క నువ్వుంటావుగా. నాకు కనబడనిది నీకు కనబడుతుంది" అన్నారు.

అట్లా మొదలైంది ఈ తట్టడం. నా కుడి చెయ్యి ఆయన ఎడమ మోకాలి మీద ఉంటుంది. ఒకసారి తడితే ఎడమ పక్క ఏదో ఉంది, కుడికి జరగమని. రెండుసార్లు తడితే బ్రేకు. ఊరికే ఆనించి ఉంచితే ఏం లేదు, పదమని. ఇంజను గోలలో మాట వినబడదు కదా. కూరగాయలకీ, బడికీ, ఆయన పనికీ ఆరు నెలలు అలాగే తిరిగాం. ఈవిడ మొగుడి మోకాలు వదలదేంటి అనుకుని ఉంటారు చూసేవాళ్ళు.

నాకు నచ్చలేదనను, అబద్ధమెందుకు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన నా మాట విన్నది ఈ ఆరు నెలలే.

ఇంతలో ఈ సముద్రం ఒకటి. పిల్లకి తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంతవరకూ సముద్రం చూడలేదు. "నాకు కనబడుతుండగానే దానికి చూపించాలి. అది నీళ్ళు చూసినప్పుడు దాని మొహం నేను చూడాలి" అన్నారు. అలా అంటే ఎట్లా కాదంటాను చెప్పండి? బస్సులో పోదామన్నాను. ససేమిరా అన్నారు. తను నడిపే బండి మీదే తీసుకెళ్ళాలట.

వీధుల్లో తిరగడం వేరు, ఈ లారీల రోడ్డు వేరు. పొద్దున ఒక మేక తప్పింది, ఒక సైకిలు మనిషి తప్పాడు. నేను తట్టడం, ఆయన జరగడం. నా అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. మధ్యాహ్నం భోజనం చేసిన చోట, బండి ఇక్కడే పెట్టేసి బస్సెక్కుదామని బతిమాలాను. నలుగురూ తింటున్నారని కూడా చూడకుండా, "అంత భయమైతే దిగి పో. నేనూ నా కూతురూ వెళ్తాం" అన్నారు.

నా కూతురట. సరే అని ఎక్కి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. మోకాలి మీద చెయ్యి వెయ్యలేదు. ఆయనా అడగలేదు.

పది నిమిషాలు కాలేదు, తొట్టి చక్రం కల్వర్టు గోడ చివర కొట్టుకుంది. వెనక సీటు మీంచి పిల్ల ఎగిరి మట్టిలో పడింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, గడ్డం చిట్లింది. మట్టిలో కాకుండా రోడ్డు మీద పడుంటే, వెనకొచ్చే లారీ... వద్దు, ఆ మాట నోటితో అనను. బండి తోసుకుంటూ మీ షెడ్డు దాకా వచ్చాం.

అందుకే అడుగుతున్నాను. నేను చెప్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మెకానిక్ చెప్తే వింటారు.

ఏంటీ? ఆయన ముందే వచ్చి మాట్లాడారా? ఎప్పుడూ, నేను పంపు దగ్గర పిల్ల గడ్డం కడుగుతున్నప్పుడా?

కళ్ళ సంగతి కూడా చెప్పారా. నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా నోరు విప్పని మనిషి.

ఇంకా ఏమన్నారు?

నేను తట్టానన్నారా. "మా ఆవిడ తట్టింది, నేనే పట్టించుకోలేదు" అన్నారా. "దాన్నేమీ అడక్కండి, అసలే బెదిరిపోయి ఉంది" అని కూడానా.

ఉండండి. ఇప్పుడు కూర్చుంటాను. స్టూలు వద్దులెండి, ఈ టైరు చాలు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. నేను తట్టలేదు అన్నయ్యా. గోడ నాకు కనబడింది. దానికి కొట్టిన తెల్ల సున్నం కూడా కనబడింది. చెయ్యి లేచింది, ఆయన మోకాలి దాకా వెళ్ళింది. అక్కడే ఆపేశాను. ఒక్కసారి గుద్దుకుంటే గానీ ఈ మనిషికి బుద్ధి రాదనుకున్నాను. తగిలేది తొట్టికే కదా, అందులో ఉన్నది నేనే కదా అనుకున్నాను. వెనక పిల్ల ఉందని నాకు గుర్తే రాలేదు. కన్నతల్లిని, నా రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి.

ఆయనకి తెలుసు. మోకాలు ఆయనదే కదా, తట్టిందీ తట్టనిదీ తెలియదా? తెలిసే మీకలా చెప్పారు.

వద్దులెండి, ఇరుసు విరిగిందని చెప్పకండి. ఇప్పటికే ఆయన నా కోసం ఒక అబద్ధం ఆడారు. చక్రం బిగించండి, బాగైందనే చెప్పండి. తాళం చెవి మాత్రం నాకివ్వండి. అయ్యో, నేను నడపడానికి కాదు, నాకు సైకిలే రాదు. బండి రెండు రోజులు ఇక్కడ ఉంచుకుంటే చాలు. సముద్రానికి బస్సు ఎక్కడాగుతుంది? ఆ మలుపులోనా. మంచిది.

ముందు ఆయన దగ్గరికెళ్ళి చెప్పాలి, గోడ చూసి కూడా తట్టలేదని. విన్నాక నాతో బస్సెక్కుతారో, పిల్లని తీసుకుని తన దారిన తను పోతారో. దిగి పొమ్మన్నారుగా, దిగనే దిగాను.

ఈ లారీలు ఆగేలా లేవు. కాస్త రోడ్డు చూసి చెప్పండి అన్నయ్యా, ఎప్పుడు దాటాలో. కళ్ళనిండా నీళ్ళు, నాకేం కనబడటం లేదు.