గమనించాం

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఒక ఆదివారం ఉదయం. వంటింట్లో వేదవతి, ఆమె భర్త సృజన్. అతను అక్కడి విదేశాంగ శాఖలో ఉద్యోగి.

"ఒక ముక్క తినండి. మా డేకేర్ ఎలెనా ఇందాకే వచ్చి ఇచ్చి వెళ్లింది. వాళ్ల దేశం బ్రెడ్డట. మీ కోసమే చేసిందట."

"నాకెందుకు?"

"మంత్రిగారి స్టేట్‌మెంట్ మీరే రాశారుగా. వాళ్ల దేశం తెచ్చిన కొత్త చట్టం గురించి న్యూజిలాండ్ కూడా మాట్లాడిందని డేకేర్‌లో అందరికీ చూపించింది."

"నేను రాశానని ఎవరు చెప్పారు?"

"నేనే. గొప్పగా అనిపించి చెప్పాను. తప్పా?"

"తప్పు కాదు... చెప్పకుండా ఉండాల్సింది."

"పాపం, వాళ్లక్క నడిపే షెల్టర్‌కి తాళం వేశారట. ఆ చట్టం ప్రకారం బయటి దేశాల డొనేషన్లు తీసుకుంటే ఇక ఏ సంఘమైనా అంతేనట. దెబ్బలు తిన్న ఆడవాళ్లు, పిల్లలతో సహా రోడ్డు మీద."

"తెలుసు. ఫైల్లో ఉంది."

"మరి స్టేట్‌మెంట్‌లో ఆ మాటే లేదేం? 'చట్టాన్ని గమనించాం' అని ఉంది. గమనించాం అంటే?"

"డిప్లొమసీ భాష అలాగే ఉంటుంది."

"అంటే ఏంటండీ?"

"చూశాం అని."

"చూసి?"

"చూశాం. అంతే."

"మొన్న నాకు చదివి వినిపించినదాంట్లో ఉందిగా! షెల్టర్ సంగతీ ఉంది, 'వెంటనే రద్దు చేయాలి' అనీ ఉంది."

"అది ఫస్ట్ డ్రాఫ్ట్."

"ఎవరు తీసేశారు? మీ మేనేజరా?"

"పైకి వెళ్లేలోపు మారుతుంటాయి..."

"ఎవరండీ?"

"వదిలెయ్, వేదా."

"రేపు పనిలో ఎలెనా మొహం చూడాల్సింది నేను. ఎవరు?"

"నేనే."

"ఎవరో తీసేయమని చెబితేనేగా?"

"ఎవరూ చెప్పలేదు. పోయినసారి నేను రాసింది 'ఎమోషనల్‌గా ఉంది' అన్నారు. మీటింగ్‌లో నవ్వారు. నేనూ వాళ్లతో పాటు నవ్వాను. మళ్లీ ఆ మాట పడకూడదని, ఈసారి పంపేముందే కొట్టేశాను."

"అయ్యో... పోనీ, ఇప్పుడైనా చెప్పండి. మంత్రిగారి దాకా అసలు సంగతి వెళ్లి ఉండదు."

"వెళ్లింది. విడుదల చేసేముందు ఆయన ఆఫీసు నుంచే ఫోన్ వచ్చింది. 'మరీ మెత్తగా ఉంది, ఇంకా గట్టిగా అనడానికి మేం రెడీ' అన్నారు."

"మీరేమన్నారు?"

"అక్కర్లేదన్నాను."